టిక్కు పడింది, కబురు మాత్రం చేరలేదు

వచ్చే ఆదివారం మన సంఘం సర్వసభ్య సమావేశం ఉంది కదా. అందులో ఆరో అంశం "మన యాప్ రెండో వెర్షన్". దాని గురించి నా మనసులో మాట ముందే చెప్పేద్దామని ఇది రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

కొత్త వెర్షన్‌లో ఏమేం కావాలో పిల్లలు ఒక జాబితా తయారు చేశారు. ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో చూపించే పచ్చ చుక్క ఇంకాస్త పెద్దగా కనపడాలట. అవతలివాళ్లు టైప్ చేస్తుంటే తెలియాలట. సంక్రాంతికి, ఉగాదికి స్టిక్కర్లు, రాత్రి పూట కళ్లకు హాయిగా నల్ల తెర. ఇవేవీ చెడ్డవి కావు. అయినా ముందు వీటికే డబ్బు, సమయం పెడదామంటే నేను ఒప్పుకోను. ఎందుకొప్పుకోనో చెప్పాలంటే నా తప్పుతోనే మొదలుపెట్టాలి. మొదటి వెర్షన్ రాసిన ముగ్గురిలో నేనొకణ్ణి. మెసేజ్ పంపే భాగం పూర్తిగా నా చేతి పనే.

పోయిన వానాకాలంలో మన మేష్టారు ఒకాయన కాలం చేశారు. ఎవరో చాలామందికి తెలుసు, పేరు అక్కర్లేదు. ఆ రాత్రి మన కార్యదర్శి గారు ఆస్పత్రిలో ఆ కుటుంబం పక్కనే ఉన్నారు. "రేపు పొద్దున్న పది గంటలకు దహనం" అని మన యాప్‌లో అందరికీ మెసేజ్ పెట్టారు. టిక్కు పడింది. ఫోను జేబులో వేసుకుని లిఫ్టు ఎక్కి పైకి వెళ్లిపోయారు. మళ్లీ దాన్ని చూసే తీరిక ఆయనకు తెల్లవారేదాకా దొరకలేదు.

ఆ మెసేజ్ ఎవరికీ చేరలేదు. నోటి మాటగా తెలిసినవాళ్లు వచ్చారు, మిగతావాళ్లు రాలేదు. మేష్టారితో నలభై ఏళ్ల స్నేహం ఉన్న పెద్దాయన ఒకరు గోపాలపురం దారిలో ఉంటారు. మర్నాడు మధ్యాహ్నం బజారుకొచ్చినప్పుడు గాని ఆయనకు సంగతి తెలియలేదు. అప్పటికి అంతా అయిపోయింది. సాయంత్రం నాకు ఫోన్ చేశారు. కోపంగా మాట్లాడలేదు. "టిక్కు పడిందంటున్నారు కదా బాబూ, ఎవరికి పడింది నాయనా అది?" అని మాత్రం అడిగారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఇంకో బాధ కూడా ఉంది. "కార్యదర్శి చెప్పలేదు" అని ఊళ్లో మాట పడింది. ఆయన చెప్పానన్నారు. చూపిద్దామని యాప్ తెరిస్తే అందులో ఆ మెసేజే లేదు. ఆయన మాట తప్ప వేరే సాక్ష్యం లేకపోయింది. ఇన్నేళ్లుగా సంఘానికి చాకిరీ చేసిన మనిషి చేత ఒట్టు పెట్టించుకునే పరిస్థితి తెచ్చింది నేను రాసిన కోడ్.

అసలేం జరిగిందో అందరికీ అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పాత పద్ధతిలో మెసేజ్ రావాలంటే మన ఫోనే పోయి సర్వర్‌ని అడగాలి. పోస్టాఫీసుకు వెళ్లి "మాకేమైనా ఉత్తరాలొచ్చాయా" అని అడిగి వచ్చినట్టు. మాటిమాటికీ అడిగితే బ్యాటరీ, డేటా దండగ. ఎప్పుడో ఒకసారి అడిగితే కబురు ఆలస్యం. ఈ ఇబ్బంది తీర్చడానికే వెబ్‌సాకెట్ వచ్చింది. 2011 డిసెంబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6455 అనే పేరుతో అది ప్రమాణమైంది. బ్రౌజర్ ముందు మామూలు వెబ్ పేజీని అడిగినట్టే అడుగుతుంది, కాకపోతే "ఇక నుంచి ఈ లైను మార్చుకుందామా" అని ఒక మాట కలుపుతుంది. సర్వర్ ఒప్పుకుంటే 101 అనే అంకెతో జవాబిస్తుంది. అక్కడి నుంచి ఆ లైను తెరిచే ఉంటుంది. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు, ఎవరు ఎప్పుడైనా మాట్లాడవచ్చు. ఫోను పెట్టెయ్యకుండా చెవి దగ్గరే ఉంచుకున్నట్టు.

చెవి దగ్గర ఫోనుందంటే అవతల మనిషి ఉన్నట్టేనా? మన ఊళ్లో అందరికీ అనుభవమే. ఐదు నిమిషాలు మన కష్టసుఖాలు చెప్పుకున్నాక "హలో, హలో" అంటే అటు చప్పుడుండదు. లైను ఎప్పుడు తెగిందో మనకు తెలియదు. వెబ్‌సాకెట్ కూడా సరిగ్గా అలాగే తెగుతుంది. సిగ్నల్ పోయిన సంగతి ఫోన్‌కి వెంటనే ఎవరూ చెప్పరు. లైను "తెరిచే ఉంది" అనే అది కొంతసేపు అనుకుంటూ ఉంటుంది. ఆ సమయంలో మెసేజ్ పంపితే బ్రౌజర్ తప్పని అనదు, ఎర్ర అక్షరాలేవీ రావు. మెసేజ్‌ని తీసుకుని తన దగ్గర వరసలో పెట్టుకుంటుంది. ఇంకో విచిత్రం, పూర్తిగా మూసేసిన లైను మీద పంపినా అది గొడవ చెయ్యదు, ఆ మెసేజ్‌ని నోరెత్తకుండా పారేస్తుంది.

నేను చేసిన తప్పు ఒక్క వరస కోడ్. "పంపు" అన్న ఆజ్ఞ పూర్తవగానే టిక్కు పెట్టమన్నాను. సర్వర్ "అందింది" అని జవాబు చెప్పేదాకా ఆగమనలేదు. పైగా ఆ మెసేజ్‌ని ఫోన్‌లో ఎక్కడా రాసి ఉంచలేదు, యాప్ తెరిచి ఉన్నంతసేపే అది బతికి ఉంటుంది. బ్యాటరీ మిగల్చడానికి ఫోను మన యాప్‌ని మూసేసింది. దాంతోపాటు చావు కబురూ పోయింది.

ఇప్పుడు "రియాక్టివ్" అన్న మాట గురించి. పిల్లల జాబితా పైన పెద్ద అక్షరాలతో "రియాక్టివ్ మెసేజింగ్ క్లయింట్" అని ఉంది. భయపడక్కర్లేదు. మన కోశాధికారి గారి లెక్కల షీటు చూశారా? చందా గడిలో ఒక అంకె మారిస్తే కింద మొత్తం దానంతటదే మారుతుంది, నిల్వ మారుతుంది, పక్క పేజీలో బొమ్మ కూడా మారుతుంది. ఎవరూ పోయి ఒక్కొక్కటీ మార్చనక్కర్లేదు. యాప్‌ని కూడా అలా కట్టడమే ఈ పద్ధతి. అసలు సమాచారం ఒక్కచోట ఉంటుంది. సాకెట్ మీద కొత్త మెసేజ్ వస్తే అది అక్కడ చేరుతుంది. తెర మీద కనిపించేదంతా, అంటే సంభాషణ, చదవని మెసేజ్‌ల లెక్క, పచ్చ చుక్క, టిక్కు, అన్నీ దాన్ని చూసి వాటంతటవే మారతాయి. మంచి పద్ధతే. మొదటి వెర్షన్ కూడా మేం అలాగే కట్టాం.

అయితే కోశాధికారి గారికి తెలిసిన ఇంకో సంగతి కూడా ఉంది. చందా గడిలో తప్పు అంకె పడితే కింద మొత్తమూ తప్పే, నిల్వా తప్పే, బొమ్మా తప్పే. అంతా చకచకా, అందంగా తప్పవుతుంది. ఆ రాత్రి జరిగిందదే. "వెళ్లింది" అన్న ఒక్క అబద్ధం మూలంలో పడింది, తెరంతా దానికి వెంటనే స్పందించి టిక్కు చూపించింది. కాబట్టి రియాక్టివ్ అన్న మాట వినగానే మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దేనికి స్పందిస్తోంది? సర్వర్ నుంచి వచ్చిన జవాబుకా, లేక తన ఊహకా?

నా అభిప్రాయం సూటిగా ఇదీ. మెసేజింగ్ యాప్ తనకు తెలిసినదానికన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు. రెండో వెర్షన్‌లో ముందుగా చెయ్యాల్సిన పనులన్నీ దీన్నుంచే వస్తాయి.

ఒకటి. "పంపు" నొక్కగానే మెసేజ్ ముందు ఫోన్‌లోనే భద్రంగా నమోదవ్వాలి. బ్రౌజర్‌లో ఇండెక్స్‌డ్ డీబీ అనే చోటు అందుకే ఉంది. యాప్ మూసుకుపోయినా, ఫోను ఆగిపోయినా, మళ్లీ తెరిచేసరికి "పంపాల్సినవి" అన్న వరసలో ఆ మెసేజ్ ఉండాలి.

రెండు. ప్రతి మెసేజ్‌కీ ఫోనే ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. సర్వర్ దాన్ని తన దగ్గర రాసుకున్నాకనే ఆ సంఖ్య చెప్పి "అందింది" అనాలి. ఆ జవాబు రాకపోతే ఫోను మళ్లీ పంపుతుంది. ఒక్కోసారి మెసేజ్ చేరి, జవాబు మాత్రమే దారిలో పోతుంది. అప్పుడు రెండోసారి పంపినా, అదే సంఖ్య కనపడితే సర్వర్ ఇంకో కాపీ పెట్టదు. ఇది లేకపోతే ఒకే చావు కబురు మూడుసార్లు వస్తుంది. అదీ మర్యాద కాదు.

మూడు. లైను బతికుందో లేదో యాపే కనుక్కుంటూ ఉండాలి. వెబ్‌సాకెట్‌లో పింగ్, పాంగ్ అని పలకరింపులున్నాయి గానీ, బ్రౌజర్‌లో మనం రాసే కోడ్‌కి పింగ్ పంపే వీలు ఇవ్వలేదు. కాబట్టి మన సొంత పలకరింపు పెట్టుకోవాలి. పాతిక సెకన్లకోసారి "ఉన్నావా" అనాలి. పది సెకన్లలో "ఉన్నాను" అని రాకపోతే లైను పోయినట్టే లెక్క. వెంటనే పచ్చ చుక్క ఆర్పాలి, కొత్త లైను కోసం ప్రయత్నించాలి.

నాలుగు. ఆ ప్రయత్నం కూడా పద్ధతిగా ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు వీధిలో అందరి మోటార్లూ ఒక్కసారి తిరిగితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోతుంది కదా. నెట్ వచ్చిన క్షణంలో అందరి ఫోన్లూ ఒకేసారి సర్వర్ మీద పడితే దానికీ అదే గతి. అందుకే ఒక సెకను ఆగి, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది అంటూ ఎడం పెంచుకుంటూ పోవాలి. ఆ ఎడంలో కూడా ప్రతి ఫోనూ కాస్త అటూ ఇటూగా జరగాలి, అందరూ ఒకే లెక్క పెడితే మళ్లీ ఒకేసారి వస్తారు.

ఐదు. లైను తిరిగి కలిశాక "నా దగ్గర 412వ మెసేజ్ దాకా ఉన్నాయి, ఆ తర్వాతవి ఇవ్వు" అని ఫోను అడగాలి. ఈ వరస సంఖ్య సర్వర్ ఇచ్చిందే కావాలి. ఫోన్ల గడియారాలను నమ్మితే జవాబు ముందూ ప్రశ్న తర్వాతా కనపడతాయి. నోటిఫికేషన్‌ని కూడా తలుపు తట్టిన చప్పుడుగానే చూడాలి. తెర మూసి ఉన్నప్పుడు సాకెట్ బతికి ఉంటుందన్న నమ్మకం లేదు, నోటిఫికేషన్ తప్పకుండా వస్తుందన్న హామీ కూడా లేదు. అసలు కబురు ఎప్పుడూ ఈ వరస సంఖ్య అడిగే తెచ్చుకోవాలి.

ఆరు. టిక్కుల బదులు తెలుగులో మాట రాయాలి. "ఫోన్‌లోనే ఉంది." "సర్వర్‌కు అందింది." "ఇంతమందిలో ఇంతమందికి చేరింది." ఒక టిక్కుకీ రెండు టిక్కులకీ తేడా మా అమ్మకు తెలియదు. "ఫోన్‌లోనే ఉంది" అంటే తెలుస్తుంది. ఎవరు చదివారో, ఎప్పుడు చదివారో మాత్రం చూపించొద్దు. ఇళ్లలో ఆ గొడవలు ఇప్పటికే చాలు.

తెలుగుకు సంబంధించిన రెండు సంగతులు కూడా చెప్పాలి. వీటిని బయటి నుంచి తెచ్చుకున్న తయారు సరుకు పట్టించుకోదు, మనమే చూసుకోవాలి.

"క్షేమం" అని రాస్తాం. మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కి అవి ఆరు గుర్తులు: క, పొల్లు, ష, ఏత్వం, మ, సున్నా. వెబ్‌సాకెట్ మీద పోయే పాఠం యూటీఎఫ్-8లో ఉండాలి. అందులో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు, అంటే ఈ చిన్న మాటకు 18 బైట్లు. లెక్క తెలియక మధ్యలో ముక్క చేస్తే "క్షే" కాస్తా "క్" అయిపోతుంది. బైటు మధ్యలోనే తెగితే అవతలి కొస మొత్తం లైనునే మూసేస్తుంది, ప్రమాణం అలా మూసెయ్యమనే చెబుతోంది.

రెండోది ఇంకా పెద్దది. నోటిఫికేషన్‌లో మెసేజ్ మొదటి కొన్ని అక్షరాలే కనపడతాయి. ఇంగ్లీషులో "కాదు, లేదు" అనే మాట ముందే వచ్చేస్తుంది. మన భాషలో అది క్రియ చివర వస్తుంది. "రేపు కల్యాణ మండపంలో మన సంఘం మీటింగు జరగదు" అని పంపితే, ముక్క చేసిన నోటిఫికేషన్‌లో "రేపు కల్యాణ మండపంలో మన సంఘం మీటింగు జరగ..." అని ఉంటుంది. చూసినవాళ్లు తయారై వచ్చేస్తారు. నాకు తోచిన ఉపాయం ఇది: ముఖ్యమైన కబుర్లకు పంపేవాళ్లే పైన ఒక చిన్న తలకట్టు ఎంచుకోవాలి. "రద్దు", "వాయిదా", "మరణ వార్త", "రక్తం కావాలి". నోటిఫికేషన్‌లో ముందు అదే కనపడాలి.

ఇంకా, మన పిల్లల్లో చాలామంది ఒడియా, ఇంగ్లీషు చదువులు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వాళ్లకు వాయిస్ మెసేజ్‌లు కావాలి, తప్పదు. అయితే ఆ పెద్ద ఫైళ్లను సాకెట్‌లో తొయ్యొద్దు. అది ఒక్క బండి పట్టే సందు. ముందు లారీ దూరితే వెనక సైకిలు కూడా ఆగిపోతుంది. వాయిస్ ఫైలు మామూలు వెబ్ దారిన ఎక్కించి, సాకెట్ మీద దాని చిరునామా మాత్రం పంపితే చాలు.

ఇక అభ్యంతరాలు. "వాట్సాప్ ఉండగా మనకు ఈ తలనొప్పి ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గుడ్ మార్నింగ్‌లకు, పెళ్లి ఫొటోలకు వాట్సాప్‌లోనే ఉందాం. కానీ ఆ గ్రూపులో చేరితే మన ఫోన్ నంబరు అందులోని ప్రతివాళ్లకూ కనపడుతుంది. మన ఆడపిల్లలు అందుకే గ్రూపు వదిలేసి వెళ్లారు, వాళ్లకు సంఘం కబుర్లే అందకుండా పోయాయి. సొంత యాప్ మొదలైంది ఆ కారణం మీదే, ఆ కారణం ఇప్పటికీ ఉంది.

"ఎప్పుడో ఒకసారి జరిగినదానికి ఇంత పనా? స్టిక్కర్లు లేకపోతే కుర్రకారు యాప్ తెరవరు" అని మా జట్టులోనే ఒకరన్నారు. కుర్రవాళ్లు తెరవకపోతే యాప్ దండగ అన్నది నిజమే. కాని ఆ "ఎప్పుడో ఒకసారి" ఎప్పుడొస్తుందో చూడండి. ఆస్పత్రిలో, రైల్లో, గాలివానలో. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పక్క వీధిలో అన్నయ్య ఎలా ఉన్నాడో తెలియదు. మామూలు రోజుల్లో ఏ యాపైనా పని చేస్తుంది. మనకు కబురు అత్యవసరమయ్యే రోజు, నెట్‌వర్క్ చెడే రోజు చాలాసార్లు ఒక్కటే.

అలాంటి రాత్రి ఏ యాపూ పని చెయ్యదు, మేం ఎంత బాగా రాసినా సరే. నేను అలాంటి హామీ ఇవ్వడం లేదు. "పోలేదు" అని నిజం చెప్పే యాప్ ఇవ్వగలం, అంతే. ఆ రాత్రి కార్యదర్శి గారికి "ఫోన్‌లోనే ఉంది" అని కనపడి ఉంటే ఏం చేసేవారు? కిందికి దిగి నలుగురికి ఫోన్ చేసేవారు. ఒక కుర్రాణ్ణి బండి మీద గోపాలపురం దారికి పంపేవారు. పెద్దాయనకు కడసారి చూపు దక్కేది. పోలేదని తెలిస్తే మనిషి ఇంకో దారి వెతుక్కుంటాడు. పోయిందని చెబితే నిశ్చింతగా కూర్చుంటాడు.

ఆదివారం ఓటింగుకు ముందు పది నిమిషాలు అడుగుతున్నాను. సంఘం ఆఫీసులో వైఫై రౌటర్ ఉంది. దాన్ని ఆపకుండా, వెనక నుంచి లోపలికి వచ్చే ఇంటర్నెట్ తీగ మాత్రం పీకేస్తాను. మీ ఫోన్లలో వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది. అప్పుడు ఇప్పటి యాప్‌లో ఎవరైనా ఒక మెసేజ్ పంపండి. పచ్చ చుక్క వెలుగుతుంది, టిక్కు కూడా పడుతుంది. ఆ టిక్కు అందరూ ఒకసారి చూడండి. తర్వాత పచ్చ చుక్క ఇంకా పెద్దది చెయ్యాలో, అది నిజం చెప్పేలా చెయ్యాలో మీరే నిర్ణయించండి.

రెండోదానికి ఒప్పుకుంటే ఆ పని జీతం లేకుండా నేనే చేస్తాను. తప్పు చేసిన చెయ్యే దిద్దాలి. అయ్యాక మళ్లీ అందరి ముందూ తీగ పీకి చూపిస్తాను. స్టిక్కర్లు ఆ తర్వాత పెట్టుకుందాం, సంక్రాంతికి ఇంకా టైముంది.

గోపాలపురం దారి పెద్దాయన కూడా ఆదివారం వస్తానన్నారు. ఈసారి కబురు నేనే ఇంటికి వెళ్లి చెప్పి వచ్చాను.